యూనిట్ – 11: జననాంగ పులిపిర్లు – పూతమందులతో చికిత్స

విషయ క్రమం

11.0 ఉద్దేశాలు
11.1 విషయ పరిచయం
11.2 పులిపిర్లకు కారణం
11.3 మందు కంటే ముందు నిర్ధారణ
11.4 ఇంట్లో రాసుకునే పూతమందులు
11.5 వైద్యుల చేతుల మీదుగా జరిగే చికిత్సలు
11.6 వాడకూడనివి
11.7 తిరగబెట్టడం, జీవిత భాగస్వామి, గర్భం
11.8 నివారణ
11.9 సారాంశం
11.10 కీలక పదాలు
11.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

11.0 ఉద్దేశాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• జననాంగ పులిపిర్లు ఎందువల్ల వస్తాయో, వాటికీ క్యాన్సర్‌కూ ఎంతవరకు సంబంధం ఉందో వివరించగలుగుతారు.
• ఇంట్లో రాసుకునే పూతమందులు ఎలా పనిచేస్తాయో, వాటిని ఏ క్రమంలో వాడాలో చెప్పగలుగుతారు.
• ఏవి రాయకూడదో, ఎందుకు రాయకూడదో గుర్తించగలుగుతారు.
• పులిపిరి పోవడానికీ, వైరస్ పోవడానికీ ఉన్న తేడాను విశదీకరించగలుగుతారు.

11.1 విషయ పరిచయం

లైంగికంగా సంక్రమించే వ్యాధుల్లో సిఫిలిస్, గనేరియా వంటివి బాక్టీరియా వల్ల వస్తాయి. సరైన యాంటీబయాటిక్ ఇస్తే ఆ సూక్ష్మజీవి చనిపోతుంది, వ్యాధి నయమవుతుంది. జననాంగ పులిపిర్లు అలాంటివి కావు. ఇవి వైరస్ వల్ల వస్తాయి. ఈ వైరస్‌ను నేరుగా చంపే మందు ఇప్పటివరకు లేదు. అయినా వీటికి మంచి చికిత్స ఉంది. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించవచ్చు. అవి ఎలా పొసగుతాయో తెలుసుకోవడమే ఈ యూనిట్‌లోని ముఖ్యాంశం.

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. ఇది ఊహించి చెప్పేదే. ఇరవై ఏడేళ్ళ యువకుడు పగలు ఉద్యోగం చేసుకుంటూ మీలాగే దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాడు. పెళ్ళయి ఏడాదిన్నర అయింది. ఒకరోజు స్నానం చేస్తుండగా జననాంగం మీద రెండు మూడు చిన్న గింజల్లాంటివి కనిపించాయి. నొప్పి లేదు. ఎవరితోనూ చెప్పలేదు. తనను ఎవరూ గుర్తుపట్టని వీధిలో ఉన్న మందుల షాపుకు వెళ్ళి, "దురదగా ఉంది" అని చెప్పి ఒక క్రీమ్ తెచ్చుకున్నాడు. రెండు నెలలు రాశాడు. గింజలు తగ్గకపోగా గుత్తులుగా పెరిగాయి. ఈలోగా భార్య మూడో నెల గర్భిణి అని తెలిసింది. ఆమెకు కూడా ఒక చిన్న పులిపిరి కనిపించింది.

అతన్ని మూడు ప్రశ్నలు వేధిస్తున్నాయి. ఇది క్యాన్సరా? ఇది ఎవరి నుంచి ఎవరికి వచ్చింది? ఏ క్రీమ్ రాస్తే పోతుంది? అతను మందుల షాపులో మూడో ప్రశ్నకు మాత్రమే జవాబు వెతికాడు. మొదటి రెండింటికీ జవాబు తెలియకుండా మూడోదానికి సరైన జవాబు దొరకదు. కాబట్టి వరుసక్రమంలో వెళదాం.

11.2 పులిపిర్లకు కారణం

మానవ పాపిల్లోమా వైరస్ అనే వైరస్ ఈ పులిపిర్లకు కారణం. దీన్ని సంక్షిప్తంగా హెచ్.పి.వి. అంటారు. ఇందులో 200కు పైగా రకాలు ఉన్నాయి. చేతుల మీద, అరికాళ్ళలో పులిపిర్లు తెచ్చే రకాలు వేరు, జననాంగాల మీద తెచ్చే రకాలు వేరు. జననాంగ పులిపిర్లలో దాదాపు 90 శాతానికి 6, 11 అనే రెండు రకాలే కారణం. ఈ రెండూ క్యాన్సర్ ముప్పు తక్కువగా ఉన్న రకాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణమైనవి 16, 18 రకాలు.

ఈ తేడా తెలిసిన తీరు కూడా గుర్తుంచుకోదగినదే. జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హౌజెన్ బృందం 1980లో జననాంగ పులిపిర్ల నుంచి 6వ రకం వైరస్ డి.ఎన్.ఏ.ను వేరుచేసింది. అదే దారిలో సాగిన పరిశోధన 1983లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల్లో 16వ రకాన్ని పట్టుకుంది. దీనికి ఆయన 2008లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మన ఉదాహరణలోని యువకుడి మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. సాధారణ జననాంగ పులిపిరి క్యాన్సర్ కాదు. అయితే ఒకే వ్యక్తికి ఒకటి కంటే ఎక్కువ రకాలు సోకే అవకాశం ఉంది. కాబట్టి పులిపిర్లు ఉన్నా లేకపోయినా 30 ఏళ్ళు దాటిన స్త్రీలు గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి.

వైరస్ ఎలా సోకుతుంది? చర్మానికి చర్మం రాసుకున్నప్పుడు, కంటికి కనిపించని సన్నని గీతల ద్వారా అది లోపలికి చేరుతుంది. చర్మం అట్టడుగు పొరలోని కణాల్లో స్థిరపడుతుంది. ఆ కణాలు విభజన చెందుతూ పైపొరలకు చేరేకొద్దీ వైరస్ కూడా పెరుగుతుంది. కణాలు మితిమీరి పెరగడం వల్ల చర్మం పైకి ఉబికి పులిపిరిగా మారుతుంది. ఈ వైరస్ రక్తంలోకి వెళ్ళదు, కణాలను పగలగొట్టి వాపు పుట్టించదు. అందువల్ల శరీర రక్షణ వ్యవస్థ దాన్ని చాలాకాలం గుర్తించదు.

వైరస్ సోకిన తరువాత పులిపిరి కనిపించడానికి కొన్ని వారాల నుంచి ఎన్నో నెలలు పట్టవచ్చు. సోకినవారిలో చాలామందికి పులిపిరి అసలు కనిపించదు. రెండో ప్రశ్నకు జవాబు ఇదే. ఈ రోజు కనిపించిన పులిపిరిని చూసి అది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ వైద్యుడూ చెప్పలేడు. పులిపిరి ఎవరి శీలానికీ సాక్ష్యం కాదు. ఈ ఒక్క విషయం తెలియక విడిపోయేదాకా వెళ్ళే కుటుంబాలు ఉంటాయని మీరు గ్రహించాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. జననాంగ పులిపిర్లకు ఎక్కువగా కారణమయ్యే హెచ్.పి.వి. రకాలు ఏవి?
2. పులిపిరి ఎవరి నుంచి సోకిందో ఎందుకు చెప్పలేము?

11.3 మందు కంటే ముందు నిర్ధారణ

జననాంగం మీద కనిపించే ప్రతి బుడిపే పులిపిరి కాదు. పురుషాంగం అంచున వరుసగా ఉండే ముత్యాల్లాంటి చిన్న గింజలు చాలామందిలో సహజంగానే ఉంటాయి. వాటికి మందు అవసరం లేదు. మధ్యలో చిన్న గుంట ఉండి నున్నగా మెరిసే బుడిపెలు మొలస్కమ్ అనే మరో వైరస్ వల్ల వస్తాయి. అన్నింటికంటే జాగ్రత్త పడవలసింది సిఫిలిస్ రెండో దశ విషయంలో. ఆ దశలో తడిగా, చదునుగా ఉండే బుడిపెలు వస్తాయి. చూడడానికి పులిపిర్లలాగే ఉంటాయి. వాటి మీద పులిపిరి క్రీమ్ రాస్తూ కూర్చుంటే, పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమయ్యే వ్యాధి లోలోపల ముదిరిపోతుంది.

అందువల్ల వైద్యులు మొదట కంటితో పరీక్షించి, సిఫిలిస్‌కూ హెచ్.ఐ.వి.కీ రక్తపరీక్ష చేయిస్తారు. పులిపిరి గట్టిగా, నల్లగా మారినా, పుండు పడినా, రక్తం కారినా, చికిత్సకు లొంగకపోయినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

11.4 ఇంట్లో రాసుకునే పూతమందులు

వైద్యులు నిర్ధారించిన తరువాత రోగి తనంతట తాను ఇంట్లో రాసుకునే మందులు ప్రధానంగా మూడు. ఇవి పనిచేసే పద్ధతి ఒక్కొక్కదానికి ఒక్కో విధంగా ఉంటుంది. మూడూ బయటి చర్మం మీది పులిపిర్లకు మాత్రమే. యోని లోపల, మలద్వారం లోపల, మూత్రనాళంలో ఉన్నవాటికి ఇవి వాడకూడదు.

11.4.1 పోడోఫిల్లోటాక్సిన్

దీని కథ ఒక మొక్కతో మొదలవుతుంది. హిమాలయాల్లో పెరిగే పోడోఫిల్లమ్ జాతి మొక్కను హిందీలో బన్‌కకడీ అంటారు. దాని బంధువు ఒకటి ఉత్తర అమెరికా అడవుల్లో ఉంది. వీటి వేరుదుంప నుంచి తీసే జిగురు పదార్థమే పోడోఫిల్లిన్. 1942లో కాప్లాన్ అనే అమెరికన్ వైద్యుడు దీన్ని జననాంగ పులిపిర్లకు వాడి ఫలితాలు ప్రకటించాడు. అయితే ఈ జిగురులో అనేక పదార్థాలు కలిసి ఉండటం వల్ల ఒక్కో సీసాలో బలం ఒక్కో విధంగా ఉండేది. ఎక్కువగా పూస్తే ఒంట్లోకి ఇంకి విషప్రభావం చూపేది. అందుకే తరువాతి కాలంలో అందులోని అసలు పదార్థాన్ని శుద్ధి చేసి పోడోఫిల్లోటాక్సిన్ తయారుచేశారు.

ఒక కణం రెండుగా చీలాలంటే లోపల సన్నని నాళికలు దారాల్లా అమరాలి. పోడోఫిల్లోటాక్సిన్ ఆ అమరికను అడ్డుకుంటుంది. వేగంగా విభజన చెందే పులిపిరి కణాలు మధ్యలోనే ఆగి చనిపోతాయి. క్యాన్సర్ చికిత్సలో వాడే ఎటోపోసైడ్ మందును కూడా ఈ పదార్థం నుంచే రూపొందించారు.

ఇది 0.5 శాతం ద్రావణంగా, 0.15 శాతం క్రీమ్‌గా లభిస్తుంది. వాడే క్రమం ఇది: రోజుకు రెండుసార్లు చొప్పున వరుసగా 3 రోజులు రాయాలి. తరువాత 4 రోజులు ఆపాలి. ఈ వారం రోజులు కలిసి ఒక విడత. పులిపిర్లు పోకపోతే ఇలా 4 విడతల దాకా వాడవచ్చు. మొత్తం పులిపిర్ల విస్తీర్ణం 10 చదరపు సెంటీమీటర్లకు మించితే ఈ మందు ఇంట్లో వాడకూడదు. ద్రావణం రోజుకు అర మిల్లీలీటరు దాటకూడదు. రెండు మూడు రోజులకు మంట, ఎర్రదనం, పైపైన చర్మం లేవడం కనిపిస్తాయి. "తొందరగా పోతుంది కదా" అని ఆపవలసిన నాలుగు రోజులు కూడా రాస్తే చుట్టూ ఉన్న మంచి చర్మం పుండు పడుతుంది. ఆ విరామం కూడా చికిత్సలో భాగమే.

గర్భిణులు ఈ మందు వాడకూడదు.

11.4.2 ఇమిక్విమాడ్

ఇది పులిపిరిని నేరుగా చంపదు. వైరస్ రక్షణ వ్యవస్థ కంటపడకుండా దాగి ఉంటుందని 11.2లో చదివారు. ఇమిక్విమాడ్ చర్మంలోని రక్షణ కణాల మీద ఉండే టి.ఎల్.ఆర్.-7 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆ కణాలు ఇంటర్‌ఫెరాన్ వంటి పదార్థాలను విడుదల చేస్తాయి. అప్పుడు శరీరమే ఆ చోట వైరస్ సోకిన కణాల మీద దాడి మొదలుపెడుతుంది. ఇంట్లో దొంగ ఉన్నాడని ఇంటివారిని నిద్రలేపడం లాంటిది ఈ పని.

1997లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. సాధారణంగా వాడేది 5 శాతం క్రీమ్. చిన్న చిన్న ప్యాకెట్లలో వస్తుంది. వాడే పద్ధతిని గుర్తుంచుకోండి:

• వారానికి 3 రాత్రులు, రోజు విడిచి రోజు రాయాలి. ఉదాహరణకు సోమ, బుధ, శుక్రవారాలు.
• పడుకునే ముందు చేతులు, పులిపిరి ఉన్న చోటు కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి.
• పల్చగా రాసి, తెల్లదనం కనిపించకుండా పోయేదాకా మృదువుగా రుద్దాలి. పైన కట్టు కట్టకూడదు.
• 6 నుంచి 10 గంటల తరువాత, అంటే ఉదయం లేవగానే, సబ్బుతో కడిగేయాలి.
• పులిపిర్లు పోయేదాకా, లేదా గరిష్ఠంగా 16 వారాలు వాడాలి.
• ఒక రాత్రి మరిచిపోతే తరువాత రెట్టింపు రాయకూడదు.

రాసిన చోట ఎర్రబడటం, దురద, మంట సాధారణం. ఇది మందు పడలేదనడానికి గుర్తు కాదు. రక్షణ వ్యవస్థ మేల్కొన్నదనడానికి గుర్తు. మంట భరించలేనంతగా ఉంటే వైద్యులను అడిగి కొన్ని రోజులు ఆపి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టవచ్చు. కొందరికి జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. కొందరిలో ఆ చోట చర్మం రంగు తగ్గవచ్చు. క్రీమ్ చర్మం మీద ఉన్నంతసేపు కలయికకు దూరంగా ఉండాలి. అది కండోమ్ రబ్బరును బలహీనపరుస్తుంది.

ఫలితం ఎంత? ఈ మందుకు ఆధారమైన ఒక ప్రధాన అధ్యయనంలో సుమారు సగం మందికి పులిపిర్లు పూర్తిగా పోయాయి. పురుషుల కంటే స్త్రీలలో ఫలితం మెరుగ్గా కనిపించింది. పూర్తిగా పోయినవారిలో స్త్రీలకు సుమారు 8 వారాలు, పురుషులకు సుమారు 12 వారాలు పట్టింది. రెండు వారాలు రాసి "పనిచేయలేదు" అని పారేసేవారికి ఈ అంకెలు తెలిసి ఉంటే అలా చేయరు.

11.4.3 గ్రీన్ టీ ఆయింట్‌మెంట్

గ్రీన్ టీ ఆకులోని కాటెకిన్లు అనే పదార్థాలతో చేసిన 15 శాతం ఆయింట్‌మెంట్‌కు 2006లో అమెరికాలో అనుమతి లభించింది. రోజుకు 3 సార్లు, గరిష్ఠంగా 16 వారాలు రాస్తారు. కడగవలసిన అవసరం లేదు. హెచ్.ఐ.వి. ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి, గర్భిణులకు దీన్ని సిఫారసు చేయరు. ఇంట్లో తాగే టీ ఆకు నూరి రాస్తే ఈ ఫలితం రాదు. మందులో ఉన్నది కొలిచి శుద్ధి చేసిన సారం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. పోడోఫిల్లోటాక్సిన్, ఇమిక్విమాడ్ పనిచేసే విధానాల్లో తేడా ఏమిటి?
2. ఇమిక్విమాడ్ 5 శాతం క్రీమ్‌ను వారానికి ఎన్నిసార్లు, ఎంతకాలం వాడాలి?

11.5 వైద్యుల చేతుల మీదుగా జరిగే చికిత్సలు

80 నుంచి 90 శాతం ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లాన్ని వైద్యులు పులిపిరి మీద మాత్రమే అంటించి తెల్లబడేదాకా ఆరనిస్తారు. అవసరాన్నిబట్టి వారానికి ఒకసారి చేస్తారు. ఇది ఒంట్లోకి ఇంకదు కాబట్టి గర్భిణులకు కూడా వాడవచ్చు. కానీ ఇది కాల్చే ఆమ్లం. ఎప్పుడూ ఇంటికి తెచ్చుకోకూడదు.

ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం మరో పద్ధతి. దీని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 196 డిగ్రీల సెల్సియస్. ఇది కూడా గర్భిణులకు అనుకూలం. పెద్ద గుత్తులుగా ఉన్నవాటిని విద్యుత్తుతో కాల్చి గానీ, కత్తిరించి గానీ, లేజర్‌తో గానీ తొలగిస్తారు. ఏ ఒక్క పద్ధతీ అందరికీ ఉత్తమం కాదు. పులిపిర్ల సంఖ్య, పరిమాణం, ఉన్న చోటు, రోగి మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి రాగలడా లేదా అనే అంశాలను బట్టి ఎంపిక జరుగుతుంది.

11.6 వాడకూడనివి

స్టిరాయిడ్ కలిసిన క్రీములు: మన ఉదాహరణలోని యువకుడు "దురద" అని చెప్పి తెచ్చుకున్నది ఇలాంటిదే. మందుల షాపుల్లో దురదకు చీటీ లేకుండా ఇచ్చే క్రీముల్లో చాలావరకు స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. స్టిరాయిడ్ ఆ చోట రక్షణ వ్యవస్థను అణచివేస్తుంది. ఇమిక్విమాడ్ చేసే పనికి ఇది సరిగ్గా వ్యతిరేకం. మేలుకోవలసిన కాపలాదారుకు నిద్రమందు ఇచ్చినట్లవుతుంది. అందుకే అతని పులిపిర్లు గుత్తులుగా పెరిగాయి. పైగా అక్కడి పలచని చర్మం మరింత పలచబడి చారలు పడుతుంది.

కాలి ఆనెల మందు: చేతులు, అరికాళ్ళ మీది పులిపిర్లకు, ఆనెలకు అమ్మే సాలిసిలిక్ ఆమ్లం ద్రావణాలు, పట్టీలు మందపాటి చర్మం కోసం చేసినవి. జననాంగాల మీద అవి పుండ్లు చేస్తాయి.

ఇంటి వైద్యాలు: సున్నం, చాకలి సోడా కలిపి పెట్టడం, జీడిగింజ రసం అంటించడం, గుర్రపు వెంట్రుకతో బిగించి కట్టడం మన పల్లెల్లో పాతకాలం నుంచి ఉన్నాయి. పెద్దవారు మంచి ఉద్దేశంతోనే చెబుతారు. కానీ సున్నం, సోడా, జీడి రసం చర్మాన్ని కాల్చేవి. మెడ మీది బుడిపెకు ఏమైనా జననాంగం మీద ఆ గాయం చీము పట్టి, మానాక మచ్చగా మిగులుతుంది.

గీయడం, గిల్లడం: పులిపిర్లు ఉన్నచోట షేవింగ్ చేస్తే వైరస్ పక్క చర్మానికి పాకుతుంది.

11.7 తిరగబెట్టడం, జీవిత భాగస్వామి, గర్భం

పులిపిరి పోయినా చుట్టుపక్కల మామూలుగా కనిపించే చర్మంలో వైరస్ ఉండిపోవచ్చు. అందువల్ల చికిత్స ముగిసిన మొదటి 3 నెలల్లో మళ్ళీ రావడం ఎక్కువ. అలా వస్తే మందు నకిలీదనో, మళ్ళీ ఎవరి నుంచో సోకిందనో అనుకోనవసరం లేదు. మళ్ళీ చికిత్స చేయించుకోవాలి. ఆరోగ్యవంతుల్లో చాలామందికి రెండేళ్ళలోపు శరీరమే వైరస్‌ను అదుపులోకి తెచ్చుకుంటుంది. కొందరిలో ఏ మందూ లేకుండానే పులిపిర్లు పోతాయి. పొగతాగే అలవాటు మానడం ఈ పనికి తోడ్పడుతుంది.

భాగస్వామికి పులిపిర్లు లేకపోతే చికిత్స అవసరం లేదు. కానీ ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. భర్తకు రాసిన మందును భార్య, భార్యకు రాసిన మందును భర్త పంచుకోకూడదు. ఇది గర్భం విషయంలో మరీ ముఖ్యం. గర్భిణికి పోడోఫిల్లిన్, పోడోఫిల్లోటాక్సిన్ నిషిద్ధం. ఇమిక్విమాడ్‌ను కూడా సాధారణంగా ఇవ్వరు. గర్భం సమయంలో పులిపిర్లు వేగంగా పెరగవచ్చు, ప్రసవం తరువాత తగ్గవచ్చు. ప్రసవ సమయంలో బిడ్డ గొంతుకు వైరస్ సోకడం చాలా అరుదు. పులిపిర్లు ఉన్నాయన్న ఒక్క కారణంతో సిజేరియన్ అవసరం లేదు. ప్రసవమార్గానికి అవి అడ్డుపడితే అప్పుడు వైద్యులు ఆలోచిస్తారు.

మన ఉదాహరణకు తిరిగి వద్దాం. ఆ దంపతులిద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళారనుకోండి. స్టిరాయిడ్ క్రీమ్ ఆపమంటారు. ఇద్దరికీ రక్తపరీక్షలు చేస్తారు. అతనికి పూతమందు రాసి, వాడే క్రమం వివరిస్తారు. ఆమెకు ఆమ్లంతో గానీ, గడ్డకట్టించే పద్ధతితో గానీ చికిత్స చేస్తారు, లేదా ప్రసవం దాకా గమనిస్తూ ఉంటారు. రెండు నెలల క్రితమే నోరు తెరిచి ఉంటే ఇదంతా రెండు మూడు గింజల దశలోనే జరిగేది.

జిల్లా ఆసుపత్రుల్లో, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆధ్వర్యంలో సురక్ష క్లినిక్‌లు పనిచేస్తున్నాయి. ఇక్కడ లైంగిక వ్యాధులకు పరీక్ష, సలహా, చికిత్స ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఆ సంస్థ ఉచిత ఫోన్ నంబరు 1097.

11.8 నివారణ

కండోమ్ ముప్పును తగ్గిస్తుంది. అది కప్పని చర్మం ద్వారా వైరస్ సోకగలదు కాబట్టి పూర్తిగా ఆపలేదు. అసలైన నివారణ టీకా. 6, 11, 16, 18 రకాలకు పనిచేసే టీకా 2006లో అందుబాటులోకి వచ్చింది. మన దేశంలో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ కూడా ఈ నాలుగు రకాలకు పనిచేస్తుంది. దీనికి 2022లో అనుమతి లభించింది. 9 నుంచి 14 ఏళ్ళ వారికి రెండు మోతాదులు, 15 దాటినవారికి మూడు మోతాదులు ఇస్తారు. 16, 18 రకాలకు మాత్రమే చేసిన టీకా పులిపిర్లను ఆపదు.

ఆస్ట్రేలియా 2007లో బాలికలకు ఈ టీకా కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడి లైంగిక ఆరోగ్య క్లినిక్‌లకు వచ్చిన 21 ఏళ్ళలోపు యువతుల్లో పులిపిర్లు ఉన్నవారు 2007లో 11.5 శాతం. 2011 నాటికి 0.85 శాతం. అయితే టీకా వైరస్ సోకకముందు కాపాడేది మాత్రమే. ఉన్న పులిపిరిని అది పోగొట్టదు.

11.9 సారాంశం

జననాంగ పులిపిర్లు హెచ్.పి.వి. 6, 11 రకాల వల్ల వస్తాయి. ఇవి క్యాన్సర్ కాదు. ఎప్పుడు, ఎవరి నుంచి సోకిందో చెప్పడం సాధ్యం కాదు. పోడోఫిల్లోటాక్సిన్ కణవిభజనను ఆపుతుంది. ఇమిక్విమాడ్ రక్షణ వ్యవస్థను మేల్కొలుపుతుంది. రెండూ పులిపిరిని తొలగిస్తాయి. వైరస్‌ను అదుపు చేసేది శరీరమే. అందుకే ఓపిక, సరైన క్రమం, వైద్యుల నిర్ధారణ తప్పనిసరి. స్టిరాయిడ్ క్రీములు, ఆనెల మందు, కాల్చే ఇంటి వైద్యాలు హాని చేస్తాయి. గర్భిణులకు చికిత్స వేరుగా ఉంటుంది. సిగ్గుపడి దాచిన కొద్దీ చికిత్స కష్టమవుతుంది.

11.10 కీలక పదాలు

పూతమందు: చర్మం మీద రాసే ద్రావణం, క్రీమ్ లేదా ఆయింట్‌మెంట్.
గ్రాహకం: బయటి సంకేతాన్ని గుర్తించే కణభాగం.
ఇంటర్‌ఫెరాన్: వైరస్‌ను ఎదుర్కోవడానికి కణాలు విడుదల చేసే ప్రోటీన్.
తిరగబెట్టడం: నయమైన తరువాత వ్యాధి మళ్ళీ కనిపించడం.

11.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జననాంగ పులిపిర్లకు ఇంట్లో వాడే పూతమందులను, అవి పనిచేసే విధానాన్ని వివరించండి.
2. "పులిపిరి పోవడం వేరు, వైరస్ పోవడం వేరు." చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్టిరాయిడ్ క్రీములు పులిపిర్లను ఎందుకు పెంచుతాయి?
2. గర్భిణులలో పులిపిర్ల చికిత్సలో తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
3. హెచ్.పి.వి. టీకా ఎవరికి, ఎప్పుడు ఉపయోగపడుతుంది?

ప్రగతి సమీక్ష ప్రశ్నలకు సమాధానాలు

సమీక్ష 1: (1) 6, 11 రకాలు. (2) సోకిన తరువాత పులిపిరి కనిపించడానికి పట్టే కాలం ఒక్కొక్కరిలో ఒక్కో విధంగా ఉంటుంది. చాలామందిలో అసలు కనిపించదు.
సమీక్ష 2: (1) మొదటిది కణవిభజనను అడ్డుకుంటుంది, రెండోది చర్మంలోని రక్షణ కణాలను ఉత్తేజపరుస్తుంది. (2) వారానికి 3 రాత్రులు, గరిష్ఠంగా 16 వారాలు.